డాన్సు చేస్తే వాకింగు చేసినట్టేనా? చెన్నైలో ఉన్నవాళ్లు చెప్పండి

ఓఎంఆర్ బాటసారి:
అందరికీ నమస్తే. నాకు 44. ఆఫీసు షోలింగనల్లూరు, ఇల్లు పెరుంగుడి. పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. మొన్న ఆఫీసువాళ్లు చేయించిన చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది, అంటే షుగర్ అంచున ఉన్నట్టు. డాక్టరుగారు మందులు రాయలేదు. "కాస్త బరువు తగ్గండి, రోజూ అరగంట చెమట పట్టేలా నడవండి, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నారు.

నడక దగ్గరే చిక్కొచ్చి పడింది. రోడ్డెక్కితే ఒక పక్క మెట్రో పనులు, ఇంకో పక్క వాటర్ లారీలు. ట్రెడ్‌మిల్ ఎక్కితే పది నిమిషాలకే ఎప్పుడు దిగుదామా అనిపిస్తుంది. అదే గదిలో తలుపేసుకుని నాలుగు మాస్ పాటలు పెట్టుకుంటే అరగంట ఇట్టే గడిచిపోతోంది. మా ఆవిడేమో "డాక్టరు నడవమన్నారు గానీ గెంతమన్లేదు కదా" అంటోంది. క్లబ్‌హౌస్‌లో జుంబా, అంటే పాటలకి డాన్సులా చేసే వ్యాయామం, క్లాసు ఉంది. వెళ్లేదంతా ఆడవాళ్లే, నాకు మొహమాటం. ఇంతకీ ఈ గెంతులు లెక్కలోకి వస్తాయా రావా?

బరువుల బాబు:
అన్నా, ఏమనుకోకు. డాన్సు సరదాకి బాగానే ఉంటుంది. షుగర్ దగ్గర కావాల్సింది మాత్రం కండ. తిన్న అన్నంలోని గ్లూకోజు ఎక్కువగా పోయి చేరేది కండల్లోకే. స్క్వాట్లు, పుషప్‌లు మొదలెట్టు. నాలుగు పాటలకి గెంతి వ్యాయామం అయిపోయిందనుకునేవాళ్లని చాలామందిని చూశా. జనవరిలో హడావుడి, ఫిబ్రవరికి మాయం.

టీనగర్ వదిన:
జనవరిలో జిమ్‌కి ఏడాది ఫీజు కట్టి ఫిబ్రవరికి మాయమయ్యేవాళ్ల సంగతి కూడా చెప్పు తమ్ముడూ.

వేళచ్చేరి ఫిజియో:
బాటసారి గారూ, నిక్షేపంగా వస్తాయి. మీరు నడుస్తున్నారా, ఆడుతున్నారా అన్నది గుండెకి అనవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ఉంది. గట్టి శ్రమైతే 75 నుంచి 150 నిమిషాలు. నడకే చేసి తీరాలని ఎక్కడా లేదు.

మీది ఓ మోస్తరా, గట్టిదా తెలుసుకోవడానికి వాచీ కూడా అక్కర్లేదు. ఆడుతూ ఆడుతూ ఎవరితోనైనా మాట్లాడండి. మాట వస్తోంది గానీ పాట పాడబోతే ఊపిరి చాలడం లేదంటే ఓ మోస్తరు. రెండు మూడు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే గట్టిది. పల్లవి, చరణం హాయిగా పాడేస్తున్నారంటే మాత్రం అది ఊగడమే. మీ ఆవిడ అన్నది అప్పుడు నిజమవుతుంది.

ఇక షుగర్ సంగతి. పని చేస్తున్న కండ ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. వ్యాయామం ఆపాక కూడా కొన్ని గంటలపాటు, ఒక్కోసారి మర్నాటి దాకా, ఇన్సులిన్ మామూలు కంటే బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆ గుణం తగ్గిపోతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు దంచేసి వారమంతా ఊరుకుంటే లాభం తక్కువ. వరసగా రెండు రోజులకు మించి ఖాళీ రాకుండా చూసుకోండి.

మన ఊరి డాక్టరు ఎ. రామచంద్రన్ గారి బృందం చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. షుగర్ అంచున ఉన్నవాళ్లను సుమారు మూడేళ్లు గమనించారు. తిండి, వ్యాయామం విషయంలో మారినవాళ్లలో జబ్బు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో 26.4 శాతం. డాక్టరుగారు మీకు మందులు రాయకుండా నడవమన్నది ఊరికే కాదు.

బరువుల బాబు:
చూశారా, ఆయన కూడా కండ అనే అన్నారు.

ఈసీఆర్ సైకిల్:
నేను మా ఆఫీసులో జుంబాకి వెళ్తాను. నా వాచీ గంటకి 780 కేలరీలు చూపిస్తోంది. నడకలో ఇందులో సగం కూడా రాదు. ఇంక మాట్లాడేదేముంది?

వేళచ్చేరి ఫిజియో:
సైకిల్ గారూ, మీ వాచీ కాస్త ఉదారంగా ఉన్నట్టుంది. శ్రమని కొలవడానికి మెట్ అని ఒక కొలత వాడతారు. ఊరికే కూర్చుంటే 1. చురుకైన నడక 4.3 ప్రాంతం. ఏరోబిక్ డాన్సు సుమారు 7. దాన్ని మీ బరువుతో, గంటలతో గుణిస్తే కేలరీల అంచనా వస్తుంది. 70 కిలోల మనిషికి గంట డాన్సుకి 490, గంట నడకకి 300. ఇందులో కూర్చున్నా ఖర్చయ్యే 70 కూడా కలిసే ఉంది. పైగా క్లాసు గంటంటే వార్మప్, నీళ్ల విరామం, సెల్ఫీ పోను ఆడేది నలభై నిమిషాలు.

నడకకంటే మేలే, కాదనను. ఆ 780 చూసుకుని తిరుగుదారిలో మసాలా దోశ, పైన ఇంకో వడ అంటే మాత్రం లెక్క తిరగబడుతుంది.

ఈసీఆర్ సైకిల్:
వడ సంగతి మీకెలా తెలిసిందండీ?

టీనగర్ వదిన:
ఇంకో మాట. మన చెన్నై ఉక్కలో మే నెలలో ఫ్యాను కింద నిలబడ్డా చొక్కా తడుస్తుంది. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు, అంతే. అది చూసి కొవ్వు కరిగిపోయిందని మురిసిపోకండి. మా క్లాసులో ఒకావిడ నీళ్లు తాగితే బరువు పెరుగుతుందని గుక్కెడు కూడా తాగేది కాదు. కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఎండాకాలం పొద్దున ఏడులోపు ముగించడమో, లేకపోతే పొద్దుగూకాక సముద్రపుగాలి తగిలే చోట చేయడమో మంచిది.

సైదాపేట కుర్రాడు:
బాటసారి బాబాయ్, మీ మొహమాటం చూస్తే నవ్వొస్తోంది. మనం ఉండేది ఏ ఊళ్లో? వీధిలో డప్పు మోగితే చాలు, లుంగీ మడిచి కుత్తు వేసేదంతా మగవాళ్లే కదా! పెళ్లి ఊరేగింపులో గానీ, వినాయకుడి నిమజ్జనంలో గానీ డాన్సుకి సిగ్గుపడ్డ మగాణ్ణి చూశారా? అదే ఏసీ గదిలో అద్దం ముందు చేయమంటే సిగ్గొచ్చేస్తుంది. మీరు భయపడే జుంబాని మొదలెట్టింది కూడా మగాడే, కొలంబియాలోని కాలీ ఊరి బెటో పెరెజ్. 90లలో ఒకరోజు ఏరోబిక్స్ క్యాసెట్ మర్చిపోయి వచ్చి, బ్యాగులో ఉన్న సల్సా, మెరెంగే పాటలే పెట్టి క్లాసు నడిపించేశాడట. తర్వాత 2001లో మయామీలో కంపెనీ అయింది.

కుత్తు వేసి చూడండి. మోకాళ్లు వంచి, నడుం దించి, పాదం నేలకేసి కొడుతూ, భుజాలు ఆడిస్తూ ఒక పాట పూర్తిగా వేస్తే తర్వాత ఫోన్లో మాట్లాడలేరు. మా బ్యాచ్‌లో రోజూ జిమ్‌కి వెళ్లేవాడు కూడా రెండో పాటకే పక్కకి తప్పుకున్నాడు.

బరువుల బాబు:
ఎవడు వాడు, నా పరువు తీసింది?

కోడంబాకం పెదనాన్న:
మీ కబుర్లన్నీ చదివాను. 70లలో మేము వడపళని పక్కన అద్దెకుండేవాళ్లం. పై వాటాలో సినిమా గ్రూప్ డాన్సర్లు ముగ్గురు ఉండేవాళ్లు, అందులో ఇద్దరు మన కృష్ణా జిల్లావాళ్లే. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుని మద్రాసు వచ్చినవాళ్లు. అప్పటికే ఇక్కడ వెంపటి చినసత్యం గారి కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఉంది, 1963లో పెట్టారు. తెలుగు పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు.

వాళ్లు తినేది చూస్తే మా అమ్మ ముక్కున వేలేసుకునేది. పెద్ద గిన్నెడు అన్నం, పప్పు, పెరుగు. అయినా ఒక్కళ్ల ఒంట్లోనూ పిసరంత కొవ్వుండేది కాదు. పిక్కలు చెక్కిన కర్రలా ఉండేవి. రిహార్సల్ నుంచి రాత్రి పదింటికి వచ్చి కూడా మా మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాళ్లు. అదే ఇంట్లో ఆఫీసు నుంచి ఆరింటికే వచ్చే నేను కటకటాలు పట్టుకుని ఎక్కేవాణ్ణి. వయసులో మాకు తేడా నాలుగైదేళ్లే.

అయితే ఒకటి చెప్పాలి. అందులో ఒకాయన నలభై దాటేసరికి మోకాళ్లు పట్టేసి ఆట మానేశాడు. ఆ స్టూడియో సిమెంటు నేల మీద రోజూ అన్నేసి గంటలు ఎగిరితే మరి? మీ అరగంటకి ఆ గతి పట్టదు గానీ, నేల ఎలాంటిదో చూసుకోండి.

నెల్లూరు చిన్నది:
పెదనాన్నగారూ, ఎంత బాగా చెప్పారండీ! నేను పదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను, ఉద్యోగం వచ్చాక మానేసి ఈ మధ్యే తిరువాన్మియూరులో మళ్లీ మొదలెట్టాను. బరువుల బాబు గారు స్క్వాట్లు స్క్వాట్లు అంటున్నారు కాబట్టి అరమండి గురించి చెప్తాను.

మడమలు దగ్గరగా, పాదాలు పక్కలకి, వీపు నిటారుగా పెట్టి సగం దాకా కూర్చోవాలి. కూర్చున్నాక పైనుంచి చూసుకుంటే మోకాలు కాలి రెండో వేలి వరసలో ఉండాలి. కొత్తవాళ్లు పాదాలు బలవంతంగా పక్కకి తిప్పేసి మోకాళ్లు ముందుకే ఉంచేస్తారు. తిరగాల్సింది తుంటి దగ్గర. అది తిరగకుండా పాదం తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది, మర్నాటికి లోపలి వైపు నొప్పి. తుంటి ఎంతవరకు తిరిగితే పాదాలూ అంతవరకే తిప్పండి. టీచరు తిట్టినా సరే.

ఇంకోటి. ఒకే అడుగు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, చేయిస్తారు. చూసేవాళ్లకి మూడో కాలం, అంటే బాగా వేగంగా ఉన్నది, కష్టంగా కనబడుతుంది. నిజానికి చంపేది మొదటి కాలం. తక... ధిమి... అని టీచరు తట్టుకర్ర నింపాదిగా కొడుతుంటే అరమండిలో అలాగే ఉండిపోవాలి, లేవకూడదు. తొడలు వణికిపోతాయి. వేగంలోకి వెళ్తే ఊపు మనల్ని లాక్కుపోతుంది, అక్కడ ఆయాసం వస్తుంది గానీ తొడ మండదు. కాబట్టి బాటసారి గారూ, మీ మాస్ పాటల్లో రెండు నిదానమైనవి కూడా పెట్టుకుని వాటికి బాగా కిందికి కూర్చుని చేసి చూడండి.

బరువుల బాబు:
సరే, అరమండి స్క్వాటే, ఒప్పుకున్నా. మరి ఛాతీ, వీపు, భుజాలు? చేతులు గాల్లో తిప్పితే కండ రాదు. కూచిపూడిలో పుషప్ ఎక్కడుందో చూపించండి.

వేళచ్చేరి ఫిజియో:
ఈ మాటకి నేను బాబు గారి పక్షం. ఇందాక నేను చెప్పిన మార్గదర్శకాల్లోనే ఇంకో వాక్యం ఉంది: ముఖ్యమైన కండలన్నిటికీ పని పడేలా వారానికి కనీసం రెండు రోజులు. డాన్సులో నడుం కింద భాగానికి బాగా అందుతుంది, పైభాగానికి తక్కువ. గోడకి చేతులానించి పుషప్‌లు, నీళ్ల బాటిళ్లు నింపిన సంచీని వంగి నడుం దాకా లాగడం, ఇలాంటివి రెండు పాటల మధ్య ఒక్కో విడత పెట్టుకుంటే సరిపోతుంది. జిమ్ ఫీజు అక్కర్లేదు.

పెరంబూరు పిన్ని:
నాకు 67. మా గుళ్లో కోలాటం బృందం ఉంది. తెలుగువాళ్లం, తమిళులం కలిసే ఆడతాం. మాలో అందరికంటే పెద్దావిడ 74. మోకాళ్ల నొప్పులని వచ్చినవాళ్లే ఎక్కువ, మానేసినవాళ్లు తక్కువ.

కోలాటంలో కాళ్లకంటే బుర్రకే పని. ముందు ఎదుటావిడ కర్రకి కొట్టాలి, తర్వాత నా కర్రలు నేనే, తర్వాత తిరిగి పక్కావిడకి, ఇంతలో వలయం జరిగి ఎదురుగా ఇంకో మనిషి. ఒక్క దెబ్బ లెక్క తప్పామా, వేళ్ల కణుపుల మీద టంగుమని పడుతుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకోకపోతే పడిపోతాం, అది మాత్రం మొదటి రోజే చెప్తాం. నాకు డాక్టర్ల లెక్కలు తెలీవు. మునుపు బస్సెక్కేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యందించాలి. ఇప్పుడు నేనే మా ఆయనకి అందిస్తున్నాను.

ఓఎంఆర్ బాటసారి:
పిన్నిగారూ, మా అమ్మకి చూపించాను మీ పోస్టు. ఊరి నుంచి వచ్చినప్పుడల్లా "ఈ ఫ్లాట్లో కాళ్లు కట్టేసినట్టుంది" అంటుంది. కోలాటం అనగానే ఎక్కడ, ఎప్పుడు అని మొదలెట్టింది.

వేళచ్చేరి ఫిజియో:
తప్పకుండా పంపండి. 65 దాటినవాళ్లకి బ్యాలెన్స్ నిలిపే వ్యాయామం వారానికి మూడు రోజులైనా ఉండాలంటారు. పడిపోయి తుంటి విరగడమే ఆ వయసులో పెద్ద భయం. పక్కకి అడుగేయడం, తిరగడం, ఒంటికాలి మీద బరువు మార్చడం నడకలో అంతగా ఉండవు, కోలాటంలో అన్నీ ఉన్నాయి.

బుర్ర గురించి పిన్నిగారు అన్నదానికి కూడా ఆధారం ఉంది. న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లు గమనించి 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. చదవడం, వాయిద్యం వాయించడం, బోర్డు ఆటలు ఆడేవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనబడింది. ఒంటితో చేసే పనుల్లో మాత్రం అలా కనబడింది ఒక్క డాన్సులోనే. డాన్సు వల్లే జబ్బు రాలేదా, లేక చురుగ్గా ఉన్నవాళ్లే డాన్సుకి వెళ్లారా అన్నది దాంతో తేలదు. వాట్సాప్‌లో "డాన్సు చేస్తే అల్జైమర్స్ రాదు" అని వస్తే మాత్రం ఫార్వర్డ్ చేయకండి.

అన్నానగర్ అమ్మ:
ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్ల కోసం ఒక మాట. పెద్దమనిషయ్యాక ఆటలు మానిపించేసి ట్యూషన్ల మీద ట్యూషన్లు పెడతాం మనం. మా అమ్మాయి స్కూలు, ట్యూషన్, మంచం, అంతే. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు సరిగ్గా ఈ వయసు అమ్మాయిల కోసమే తాండవ్ అని ఒకటి తయారుచేశారు. హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్‌నే డాన్సుగా మార్చారన్నమాట. కాసేపు దంచడం, కాసేపు నెమ్మదించడం, మళ్లీ దంచడం. ఎక్కువ టైమూ పట్టదు. అది చదివాకే చదువు మధ్యలో పది నిమిషాలు పాటలు పెట్టుకోనిస్తున్నాను. మొదట్లో మా అత్తగారు గొణిగారు. ఇప్పుడు తలుపు సందులోంచి చూస్తున్నారు.

సైదాపేట కుర్రాడు:
పిల్లలు రీల్స్ చేస్తూనే ఉన్నారు కదా ఆంటీ, అది చాలదా?

అన్నానగర్ అమ్మ:
చాలదు నాన్నా. ముప్ఫై సెకన్లు ఆడటం, పది నిమిషాలు ఫోన్లో చూసుకోవడం, బాగా రాలేదని మళ్లీ ముప్ఫై సెకన్లు. ఆయాసం ఎక్కడ వచ్చింది?

మడిపాక్కం మూడో అంతస్తు:
నేనొక కష్టం చెప్పుకుంటాను. రాత్రి భోజనమయ్యాక డాన్సు చేస్తే షుగర్ పెరగదని విని మొదలెట్టాను. రెండో రోజే కింద ఫ్లాట్ ఆయన కర్రతో వాళ్ల సీలింగు మీద కొట్టాడు. మూడో రోజు అసోసియేషన్ గ్రూపులో మెసేజ్. పిల్లలు సైకిల్ తొక్కితే లేని అభ్యంతరం నా అడుగులకి! ఏం చేయమంటారు?

వేళచ్చేరి ఫిజియో:
ఎగరకండి, అంతే. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండేలా పక్కకి అడుగులు, మోకాలెత్తడం, చేతులు తల పైకి. గుండె వేగం దానికీ పెరుగుతుంది. తిన్నాక మెల్లగా పది పదిహేను నిమిషాలు చాలు, కడుపు నిండా తిని గెంతులు వద్దు. దాంతో కింది వారికీ, మీ మోకాళ్లకీ సుఖమే.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్‌ని బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరునడిగి మొదలెట్టాలి, గ్లూకోజు పక్కన పెట్టుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఒట్టి కాళ్లతో నేలకేసి కొట్టకూడదు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా పాట అయ్యేదాకా చూడకుండా అక్కడే ఆపేయండి.

ఓఎంఆర్ బాటసారి:
అందరికీ థాంక్స్. మాట్లాడి చూసుకున్నాను. మూడో పాటకి మాట ముక్కలవుతోంది, మా ఆవిడే సాక్షి. జుంబా టీచర్ని కూడా అడిగాను, "రండి సార్, వెనక వరసలో ఇంకో ఇద్దరు మగవాళ్లు వస్తామన్నారు" అంది. ఆ ఇద్దరూ నన్ను చూసి వస్తామన్నారో, నేను వాళ్లని చూసి వెళ్తున్నానో తెలీదు. క్లబ్‌హౌస్‌లో నున్నటి టైల్స్. రన్నింగ్ షూ వేసుకోనా, ఒట్టి కాళ్లతోనా?

నెల్లూరు చిన్నది:
బాగా పట్టుండే రన్నింగ్ షూ వద్దండీ. ఒళ్లు తిరుగుతుంది, పాదం నేలకి అతుక్కుపోతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. అడుగుభాగం కాస్త నునుపుగా, మెత్తగా ఉన్నది చూసుకోండి. సాక్సుతో మాత్రం అస్సలు వద్దు, జారిపోతారు.

బరువుల బాబు:
అన్నా, వెనక వరసలో గోడ ఉంటుంది కదా. పాటకీ పాటకీ మధ్య గోడ పుషప్‌లు పది. వీడియో పెట్టు, ఫామ్ చూసి చెప్తా.

ఓఎంఆర్ బాటసారి:
వీడియో మాత్రం అడగకు బాబూ. పిన్నిగారూ, అమ్మ కోలాటం కర్రలు కావాలంటోంది. చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి?

పెరంబూరు పిన్ని:
మైలాపూరు కపాలీశ్వరుడి గుడి చుట్టుపక్కల డాన్సు సామాన్ల కొట్లలో అడగండి బాబూ. రంగులు చూసి కొనొద్దు, రెండు కర్రలూ తట్టి చూడండి. ఖంగుమని మోగేవి తీసుకోండి. అమ్మ మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా ఉండే పొడుగు సరిపోతుంది. మరీ బరువైనవి వద్దు, మణికట్టు నొప్పెడుతుంది.